‘డాన్సు బాగుంది’ అన్న మాటలో ఏముంది?

సినిమా వదిలాక థియేటర్ బయట టీకొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడడం నాకు పాత అలవాటు. 2021 సెప్టెంబరు చివర్లో, నర్సీపట్నంలో, శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ చూసి బయటికొచ్చి అలాగే నిలబడ్డాను. చుట్టూ ఉన్న పిల్లల్లో చాలామంది నా దగ్గర పదో తరగతి చదివి, అప్పటికి డిగ్రీలో ఉన్నవాళ్ళు. నేను అడక్కుండానే ఒకడు చెప్పాడు: “డాన్సు బాగుంది మాస్టారూ, సెకండాఫే ఏటో లాగేశాడు.” మిగిలినవాళ్ళు తలలూపారు. టీ కలుపుతున్నతను కూడా, సినిమా చూడకపోయినా, అదే మాట అన్నాడు. పొద్దుటినుంచీ ప్రతి ఆట వదిలినప్పుడల్లా విని ఉంటాడు.

ఇలాంటి అభిప్రాయం మీద మన విమర్శకులకు రెండే వైఖరులున్నాయి. ఒకటి తిరస్కారం: జనానికి ఏం తెలుసు, డాన్సులూ ఫైట్లూ కావాలి అనడం. రెండోది దాసోహం: జనం మెచ్చిందే మంచి కళ, విమర్శకుడు ఎవడు కాదనడానికి అనడం. మొదటిది పండితుల అహంకారం, రెండోది వ్యాపారుల వేదాంతం. చూడ్డానికి ఎదురెదురుగా కనబడే ఈ రెండు వైఖరులూ ప్రేక్షకుడి మాటను అక్షరాలా ఉన్నదున్నట్టు తీసుకుంటాయి. ఆ మాట ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు అన్నారని అడగవు. పద్యంలో ధ్వనిని వెతికే మనం, ప్రేక్షకుడి వాక్యం దగ్గరికి వచ్చేసరికి వాచ్యార్థంతోనే ఎందుకు సరిపెట్టుకుంటున్నాం? నా పరిధిలో దొరికిన కొన్ని అభిప్రాయాలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను వివరించడానికి ప్రయత్నిస్తాను.

సినిమా చూడనివారి కోసం వస్తువు రెండు మాటల్లో. రేవంత్ ఆర్మూరు ప్రాంతపు దళిత యువకుడు. హైదరాబాదులో జుంబా డాన్సు నేర్పి బతుకుతుంటాడు, సెంటరు పెద్దది చెయ్యాలని డబ్బుకోసం తిప్పలు పడుతుంటాడు. మౌనికది అదే ప్రాంతంలో పెత్తందారీ కుటుంబం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరక్క, డాన్సు వచ్చు గనక, అతని సెంటర్లో చేరుతుంది. ప్రేమ పుడుతుంది. అడ్డు రెండు వైపులనుంచి: ఒకటి కులం, రెండోది ఆ పిల్ల చిన్నతనంలో సొంత బాబాయి చేసిన లైంగిక అత్యాచారం. నాగచైతన్య, సాయిపల్లవి నాయికానాయకులు. నాయికానాయకులు ఇరవైలు దాటినవాళ్ళే గాని, హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పదహారు పందొమ్మిదేళ్ళ వాళ్ళు.

ఇప్పుడు అభిప్రాయాల సంగతి. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద కొందరు పిల్లలతో పుస్తకాలు చదివించే అలవాటుంది నాకు. సినిమా చూసిన తర్వాతి ఆదివారం, దాని గురించి ముందు అందరినీ మాట్లాడమన్నాను, తర్వాత తలొక పేజీ రాయమన్నాను. ఇందులో గొప్ప పరిశోధన ఏమీ లేదు, తోచక చేసిన పని. కాని మాట్లాడింది ఒకటి, రాసింది ఇంకొకటి అయ్యేసరికి ఉలిక్కిపడ్డాను.

అరుగు మీద మాటలన్నీ డాన్సు చుట్టూ తిరిగాయి. సాయిపల్లవి ‘ఢీ’ పోటీలో ఆడిన రోజుల నుంచి మొదలుపెట్టి, ఆమె పక్కన నాగచైతన్య ఎంత కష్టపడ్డాడో, ‘సారంగ దరియా’ పాటలో అడుగులు ఎవరు ఎంత నేర్చుకున్నారో చెప్పుకున్నారు. ఆ పాట సినిమా కంటే నెలల ముందే విడుదలై ఊరంతా మోగింది. పల్లవి జానపదుల నోటినుంచి వచ్చినదనీ, దాన్ని వెలికి తెచ్చి పాడిన గాయనికి గుర్తింపు ఇవ్వలేదనీ ఆ మార్చిలో వివాదం నడిచింది. సుద్దాల అశోక్ తేజ తాను చరణాలు రాశానని చెప్పుకున్నారు. పిల్లలకి ఆ వివాదం వివరంగా తెలుసు, అందులో పక్షాలు కూడా తీసుకున్నారు. గంటసేపు మాట్లాడినా ‘కులం’ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. సినిమాకి వెన్నెముక కులం. ఆ అరుగు మీద కూర్చున్న పిల్లలు మూడు నాలుగు కులాల వాళ్ళు. మాట రాకపోవడానికి కారణం ఆ రెండో వాక్యంలోనే ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

కాగితాల్లో మాట వచ్చింది. అరుగు మీద “సూపర్ సార్” తప్ప ఇంకేమీ అనని ఒక కుర్రాడు ఇలా రాశాడు. “ఆ అబ్బాయి ఊరూ ఇల్లూ చూపించినప్పుడు ముందు వరుసలో ఎవడో నవ్వాడు. నేను నవ్వలేదు. పక్కన కూర్చున్న ఫ్రెండు నేను నవ్వుతున్నానా లేదా అని నా మొహం చూశాడు. తర్వాత డాన్సు వచ్చింది. అప్పుడు అందరం అరిచాం.”

ఈ నాలుగైదు వాక్యాలు చదివాక, ‘డాన్సు బాగుంది’ అన్న మాటకు అర్థం మారిపోయింది. ఆ హాల్లో డాన్సు వస్తే కులాలన్నీ కలిసి అరవగల చోటు దొరుకుతుంది. అంతవరకూ పక్కవాడి మొహంకేసి చూసుకుంటూ ఇరుకున పడి కూర్చున్నవాళ్ళకి అదొక ఊపిరి. బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడి నలుగురి ముందు సినిమా గురించి ఏదో ఒకటి అనవలసి వచ్చినప్పుడు, ఎవరికీ నొప్పి కలగని మాట కూడా అదే. కాబట్టి ఆ వాక్యం అభిరుచిని తెలిపినంతగానే భయాన్ని కూడా తెలుపుతోంది. కళను మెచ్చుకోవడం అనే మర్యాద వెనకాల సమాజం దాచుకున్నది ఉంది.

ఈ సందర్భంలో భరతుణ్ణి తలుచుకోవాలి. అభ్యుదయ విమర్శకుడికి నాట్యశాస్త్రంతో ఏం పని అని మిత్రులు అనవచ్చు. పని ఉంది. ప్రేక్షకుల అభిప్రాయాన్ని శాస్త్రంగా ఆలోచించిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. ఇరవయ్యేడో అధ్యాయంలో ప్రయోగం ఫలించిందని ఎలా తెలుస్తుందో చెబుతాడు. మానుషీ సిద్ధి, దైవికీ సిద్ధి అని రెండు. చిరునవ్వు, పెద్ద నవ్వు, ‘బాగు’ అనడం, ‘అహో’ అనడం, ‘అయ్యో’ అనడం, హోరెత్తిపోవడం, ఒళ్ళు పులకరించడం, కూర్చున్నచోటు నుంచి లేవడం, బట్టలూ ఉంగరాలూ విసరడం ఇవన్నీ మానుషీ సిద్ధి. మన హాళ్ళలో ఈలలు వేసేవాళ్ళూ కాగితం ముక్కలు ఎగరేసేవాళ్ళూ ఈ వరసలోకే వస్తారు, భరతుడు వాళ్ళని చూస్తే ఆశ్చర్యపోడు. ఇక దైవికీ సిద్ధి అంటే రంగశాల నిండుగా ఉండి, శబ్దం లేకుండా, అలజడి లేకుండా ఉండడం. దాన్ని ఆయన పైమెట్టుగా లెక్కవేశాడు.

అంటే ప్రేక్షకుడి మౌనం కూడా అభిప్రాయమే. ‘లవ్ స్టోరీ’ ఆడుతున్న హాల్లో ఆ నిశ్శబ్దం నేను విన్నాను. మౌనిక తన బాల్యం గురించి బయటపెట్టే ఘట్టంలో అంతవరకూ అరుస్తున్న హాలు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ ఫోను తీయలేదు. విచిత్రమేమిటంటే, బయటికొచ్చాక ‘లాగేశాడు’ అని అందరూ అన్నది సరిగ్గా ఆ భాగం గురించే. మౌనంతో మెచ్చిన చోటే మాటతో విసుక్కున్నారు. ఈ రెండింటిలో దేన్ని అభిప్రాయం అనాలి? నా ఉద్దేశంలో రెండింటినీ కలిపి చదివితే తప్ప అభిప్రాయం దొరకదు.

ఆ కాగితాల్లో ఒక అమ్మాయిది ఒకే ఒక వాక్యం. “రెండో సగం నాకు పొడుగ్గా అనిపించలేదు.”

పేజీ రాయమంటే ఒక వాక్యం రాసిందన్న విసుగుతో, ఇరవై ఏళ్ళ అలవాటు చొప్పున, దానికింద ఎర్ర సిరాతో ‘ఎందుకు? వివరించుము’ అని రాసి ఇచ్చేశాను. ఆ పిల్ల కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. సమాధానం ఇవ్వలేదు. తర్వాతి ఆదివారం రాలేదు. ఈ సంగతి మా బడిలో హిందీ చెప్పే టీచరమ్మ దగ్గర యథాలాపంగా అంటే ఆవిడ నాకేసి చాలాసేపు చూసి, “అది వివరించమని అడిగే మాటా మాస్టారూ?” అంది. అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు. ఆవిడే వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు, అది నేను రాయవలసిన సంగతి కూడా కాదు. విమర్శకు సంబంధించినంత మేరకే ఇక్కడ చెబుతున్నాను. కథ సాగిందో లేదో గడియారం చెప్పలేదు. ఎవరి బతుకులోని ఏ మూల తెరమీద కదిలిందో, దాన్నిబట్టి ఆ గంట పొడుగో పొట్టో అవుతుంది. శిల్పలోపం అని మనం తీర్పులిచ్చేటప్పుడు ఆ లోపం ఎవరి కొలతతో కొలిచామో చెప్పవలసిన బాధ్యత ఉంది.

భరతుడి దగ్గరికి మళ్ళీ రావాలి, ఆయన్ని అంత సులభంగా వదలకూడదు. ఉత్తమ ప్రేక్షకుడికి ఉండవలసిన గుణాలు చెబుతూ శీలంతో పాటు వంశాన్ని కూడా మొదట్లోనే చేర్చాడు. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో, వేదం వినే హక్కు శూద్రులకు లేదు గనక అన్ని వర్ణాలకూ చెందిన అయిదో వేదంగా నాట్యం పుట్టిందని కథ చెప్పాడు. అందరికోసం పుట్టిన కళకు మంచి కుటుంబంలో పుట్టినవాడే మంచి ప్రేక్షకుడయ్యాడు! అయితే ఇన్ని గుణాలూ ఒక్కడిలో ఉండవనీ, పడుచువాళ్ళు శృంగారాన్నీ, శూరులు యుద్ధాన్నీ, ముసలివాళ్ళు పురాణాన్నీ మెచ్చుకుంటారనీ ఒప్పుకున్న వాస్తవికుడు కూడా ఆయనే. వయసునూ వృత్తినీ బట్టి అభిరుచి మారుతుందని గుర్తించినవాడు, కులాన్ని మాత్రం అర్హతగా పెట్టాడు. ఈ వైరుధ్యం ఆయనతో పోలేదు.

మా సహోద్యోగి ఒకాయన, నాకన్నా పెద్దవారు, సంగీతం తెలిసినవారు, ‘లవ్ స్టోరీ’ గురించి తేల్చేసిన మాట ఇది: “జుంబా డాన్సెలా అవుతుందయ్యా, అది వ్యాయామం. డాన్సు సినిమా అంటే ‘సాగర సంగమం’.” శాస్త్రం ప్రకారం ఆయన మాట కొంత నిజమే. జుంబా కొలంబియా నుంచి బయల్దేరి, లాటిన్ అమెరికా లయల మీద కసరత్తుగా ప్రపంచమంతా పాకింది. దానికి శిష్యపరంపర లేదు, అరంగేట్రం లేదు. కాని ఆ లేకపోవడమే కథకు అవసరమైంది. రేవంత్ కూచిపూడి నేర్పితే కథ నడవదు. కూచిపూడి తరతరాలుగా బ్రాహ్మణ పురుషుల ఆట. స్త్రీలకు అది విస్తారంగా అందింది వెంపటి చినసత్యం వంటి గురువుల కాలంలో. ఆయన మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది 1963లో. అంతకుముందు మన ప్రాంతంలో గుళ్ళలోనూ మేజువాణీల్లోనూ ఆడిన కళావంతుల స్త్రీలను సంస్కరణోద్యమం వేదిక దించింది. 1947 మద్రాసు దేవదాసీ చట్టం దానికి ముద్ర వేసింది. దురాచారం పోవలసిందే, అందులో సందేహం లేదు. కాని వృత్తి పోయినవాళ్ళ కళ ఇంకో కులాల ఆడపిల్లల చేతికి వెళ్ళి గౌరవం సంపాదించుకున్నదన్న సంగతి మన సాహిత్య చరిత్రలు చిన్న గొంతుతో చెబుతాయి. డాన్సు ఎవరు ఆడితే కళ, ఎవరు ఆడితే ఆట అనేది కులాన్నిబట్టి తేలుతూ వచ్చింది. జాతరలో రికార్డింగ్ డాన్సు ఆడే అమ్మాయిల గురించి మా ఊరి పెద్దమనుషులు మాట్లాడే భాష నేనిక్కడ రాయలేను. వాళ్ళే తెరమీద అవే అడుగులకి ముచ్చటపడతారు.

‘సాగర సంగమం’ (1983) మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. నిజానికి అభిప్రాయాల గురించి రాస్తున్నప్పుడు దాన్ని తప్పక తలుచుకోవాలి. కమలహాసన్ వేసిన బాలకృష్ణ పాత్ర అందులో నాట్య విమర్శకుడే. ఒక నర్తకిని తెగనాడుతూ రాసి, నిలదీసినప్పుడు పత్రికాఫీసులోనే ఒకే ఘట్టాన్ని వేర్వేరు సంప్రదాయాల్లో ఆడి చూపిస్తాడు. అభిప్రాయానికి ఒంటితో జవాబుదారీ వహించిన విమర్శకుడు మన సినిమాల్లో ఇంకొకడు లేడేమో. అయినా మా పెద్దాయన మరిచిపోయినదొకటుంది. ఆ బాలకృష్ణ పెళ్ళిళ్ళలో వంటలు చేసే తల్లి కొడుకు. ఢిల్లీ ఉత్సవంలో ఆడే అవకాశం చేతికందిన వేళకి తల్లి పోతుంది. శుద్ధకళ అని ఆయన పొంగిపోయే సినిమాలో సగం కన్నీళ్ళు దారిద్ర్యానివి. ఆయన వాటికే ఏడ్చి, నాట్యానికి ఏడ్చాననుకున్నారు. పిల్లలు కులానికి ఉక్కిరిబిక్కిరై ‘డాన్సు బాగుంది’ అనడానికీ, దీనికీ ఏమంత తేడా? ‘లవ్ స్టోరీ’ వచ్చిన నెల తిరక్కుండానే, 2021 అక్టోబరు 22న, కూచిపూడి కేంద్రంగా సంధ్యారాజు ‘నాట్యం’ కూడా వచ్చింది. దాని నృత్యదర్శకత్వానికి జాతీయ పురస్కారం దక్కింది. మా పిల్లల్లో అది చూసినవాళ్ళు లేరు, అందుకని దాని జోలికి పోను.

ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక కుర్రాడి కాగితం ఈ చర్చ మొత్తాన్నీ పక్కకి నెట్టేసింది. “మా ఊళ్ళో థింసా ఆడేటప్పుడు చూసేవాళ్ళు విడిగా ఉండరు. ఒకళ్ళ నడుం వెనకనుంచి ఒకళ్ళు చేతులు వేసుకుని అందరం ఆడతాం. బాగుందా అని ఎవరిని అడగాలి?” ప్రేక్షకుడనే వాడే లేని చోట అభిప్రాయం ఎక్కడ పుడుతుంది? దీనికి భరతుడి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. జుంబా సెంటర్లో కూడా అందరూ ఆడతారు గదా, అని ఒక కొస మాత్రం అందుతోంది. తక్కిన ఆలోచన ఆ కుర్రాడే ఎప్పుడైనా చెయ్యాలి.

ఇక కథ విషయం. ‘మాలపిల్ల’ (1938)లో అమ్మాయి మాలవాడ, అబ్బాయి బ్రాహ్మణుడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, గూడవల్లి రామబ్రహ్మం సాహసం. అయినా ఆ దిశలో ప్రేమకు సంస్కరణ అనే గౌరవం దొరుకుతుంది, పైకులపు అబ్బాయి ఉదారుడవుతాడు. మన విశాఖ, భీమిలి ఒడ్డున తీసిన ‘మరో చరిత్ర’ (1978)లో అడ్డు భాష, ప్రాంతం. ఇద్దరూ చనిపోతారు, మా ముందుతరం ఆ చావుకు వెక్కివెక్కి ఏడ్చింది. ‘లవ్ స్టోరీ’లో దిశ తిరగబడింది: అబ్బాయి దళితుడు, అమ్మాయి భూమి ఉన్న కులం. మన సమాజం కత్తి తీసేది ఈ దిశలోనే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్ళముందే ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట నరికించారు. చేయించింది ఆమె తండ్రేనని అభియోగం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ‘లవ్ స్టోరీ’ చూస్తూ కూర్చున్న ఏ పద్దెనిమిదేళ్ళ వాడికీ ఆ కథ తెలియనిది కాదు.

అంచేత సినిమా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు డాన్సు గురించీ కాదు, నిడివి గురించీ కాదు. దాన్ని నేను ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే, డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక పిల్ల నాకంటే సూటిగా రాసింది. “బాబాయి అంత చెడ్డవాడు కాబట్టి పెళ్ళికి ఒప్పుకోలేదనిపిస్తుంది. బాబాయి మంచివాడైతే ఒప్పుకునేవాడా?”

విమర్శ అంటే ఇది. కులాన్నీ లైంగిక హింసనూ ఒక కథలోకి తేవడంలో దర్శకుడి నిజాయితీని శంకించను. ఇంటి పెద్దరికం ఆడపిల్ల ఒంటి మీద ఏ హక్కు చలాయిస్తుందో, ఆమె పెళ్ళి మీద కూడా అదే హక్కు చలాయిస్తుందని చెప్పాలనుకున్నాడు. ఆ సంబంధం నిజమైనదే. కాని రెండు నేరాలనూ ఒక్క మనిషి మీద పెట్టేసరికి, ఆ మనిషిని అసహ్యించుకుంటే చాలన్న తృప్తి ప్రేక్షకుడికి దొరికింది. మనవలని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దుచేస్తూనే, ఆడపిల్ల కులం దాటితే నరకమనే మంచి బాబాయిలు మన ఊళ్ళ నిండా ఉన్నారు. వాళ్ళు ఈ సినిమా చూసి కంటతడి పెట్టి, నిశ్చింతగా ఇంటికి వెళ్ళగలరు. ముందు వరుసలో నవ్వినవాడు కూడా చివర్లో బాబాయిని తిట్టుకునే ఉంటాడు. కథలు రాసేవాళ్ళు ఈ పిల్ల ప్రశ్నను తమ బల్లమీద పెట్టుకుంటే బాగుంటుంది. దుర్మార్గుణ్ణి సృష్టించడం తేలిక, మంచివాడి చేతిలోని కత్తిని చూపడం కష్టం. నవలల్లో మనం చేసిన పని కూడా ఎక్కువగా మొదటిదే.

ఆ పిల్ల కూడా చివర్లో ‘డాన్సు మాత్రం చాలా బాగుంది’ అని రాసింది. ఈసారి ఆ వాక్యం నాకు అరుగు మీది మాటలా వినపడలేదు. అడగవలసింది అడిగేశాక మిగిలిన సంతోషం అది, దానికి విలువ ఉంది. సాయిపల్లవి ఆడుతుంటే నాక్కూడా కాలు ఆగలేదు. ఈ ముక్క ఒప్పుకోకుండా వ్యాసం ముగిస్తే నేనూ ఆ పెద్దాయన వరసలోనే చేరతాను.

ఆ పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి తలోచోటికీ వెళ్ళిపోయారు. కిందటి ఆదివారం కొత్తగా చేరినవాళ్ళకి అదే సినిమా చూసి రమ్మని చెప్పాను. కాగితం మీద పేరు రాయనక్కర్లేదన్నాను. వెనకనుంచి ఒకడు లేచి, “ఎంత రాయాలి మాస్టారూ?” అని అడిగాడు.

“ఒక్క వాక్యమైనా సరే” అన్నాను.